అరిగిన చక్రమునకు నకలు వలదు

వరి పొట్టకు వచ్చిన సమయమున పంపు నిలిచినచో రైతు పడు ఆత్రుత మన సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తొందరలో పలువురు చేయు పని యొకటి కలదు. పంపులోని రెక్కల చక్రము, అనగా ఇంపెల్లరు, అరిగిపోయినచో దానిని పట్టణమునందలి ఫౌండ్రీకి గొనిపోయి, “దీనివంటిదే యొకటి పోసి యిమ్ము” అందురు. పనివాడు ఆ పాత చక్రమునే ఇసుకలో నదిమి అచ్చు తీసి, కరగిన ఇనుము పోసి యిచ్చును. ఖర్చు స్వల్పము, పని త్వరితము. అయినను ఈ పద్ధతి రైతునకు నష్టకరమని మా దృఢాభిప్రాయము.

కారణము తేటయైనది. కరగిన లోహము చల్లారునపుడు కుదించుకొనును. పోత ఇనుము మీటరునకు సుమారు 10 మిల్లీమీటర్లు తగ్గును. కంచు అంతకంటె నెక్కువ తగ్గును. అందుచేతనే నేర్పరియగు పనివాడు చెక్క నమూనాను ఈ తరుగునకును, లేతుమీద తీసివేయవలసిన లోహమునకును సరిపడునంత పెద్దదిగా చేయును. అరిగిన చక్రమే నమూనా యైనచో పాత అరుగుదల, లోహపు తరుగు, లేతు కోత మూడును కలిసి కొత్త చక్రము చిన్నదగును. 200 మిల్లీమీటర్ల చక్రమునకు లోహపు తరుగు ఒక్కటియే 2 మిల్లీమీటర్లు. ఆ మాత్రమునకే పంపు నీరెత్తు ఎత్తులో నూటికి సుమారు 2 వంతులు పోవును. అంతకంటె కీడు, చక్రపు మెడకును పంపు గుల్లకును నడుమ సందు పెరుగుట. పైకి పోవలసిన నీరు ఆ సందున వెనుకకు జారిపోవును.

ఇసుక పనియందును శ్రద్ధ వలయును. అచ్చు ఇసుకలో తడి హెచ్చినచో ఆవిరి పుట్టి లోహమున బుడగలు నిలుచును. రెక్కల నడుమ ఖాళీని ఏర్పరచు ఇసుక దిమ్మ, అనగా కోరు, ప్రక్కకు జరిగినచో చక్రము ఒకవైపు మందముగను, ఒకవైపు పలుచగను వచ్చును. అట్టిది తిరుగునపుడు అదరును. బేరింగులు త్వరలో చెడును.

“కరెంటు ఉచితమే కదా, కొంత వృథా యైన మనకేమి?” అని కొందరందురు. 2004వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైన మాట నిజమే. కాని కరెంటునకు వెల లేకున్నను కాలమునకు వెల కలదు. సరఫరా యున్న గంటలలో తడిసిన మడియే మనది. డీజిలు ఇంజను గలవారికి చమురు నష్టము కూడ తప్పదు.

కావున మా సూచన యిది. తయారీదారుని అసలు భాగము దొరకునపుడు దానినే కొనుట మేలు. దొరకని పాత రకములకు, అరుగని చక్రపు కొలతలను బట్టి చెక్క నమూనాలను, కోరు పెట్టెలను సంఘమే చేయించి తన ఆస్తిగా గిడ్డంగిలో భద్రపరచవలెను. కోతలైన పిమ్మట తీరిక దినములలో కొన్ని చక్రములను ఒక్కసారిగా పోయించి నిలువ యుంచవలెను. నమూనా ఖర్చు ఒక్క రైతునకు భారము. పలువురు పంచుకొన్నచో స్వల్పము. సహకారమునకు ఇంతకంటె తగిన పని యేది?

సరుకును రంగు వేయకముందే పరీక్షించి తీసికొనవలెను. రంగు క్రింద బుడగల గుంటలను మైనముతోనో లప్పముతోనో పూడ్చుట సులభము. చిన్న సుత్తితో తట్టినచో మంచి పోత ఖంగుమనును. పగులున్నది బొంగురుగ పలుకును. చక్రమును ఇరుసున కెక్కించి, సమమట్టముగా నిలిపిన రెండు అంచులపై నుంచినచో, బరువైన వైపు తనంతట క్రిందికి దిగును. అట్లు దిగినదానిని సరిచేయించిన గాని సొమ్ము చెల్లింపరాదు.

పొట్టమీది పైరు ఫౌండ్రీవాని తీరిక కొరకు వేచియుండదు. రాబోవు మహాజన సభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.