బకల్యావు ఎవరి మాట?

క్రిస్మస్ ముందురాత్రి పోర్చుగల్‌లో చాలా ఇళ్ల భోజనంలో ఉడికించిన బకల్యావు ఉండాల్సిందే. స్పెయిన్‌లో దాన్నే బకలావో అంటారు. ఇంగ్లీషులో కాడ్ అని పిలిచే ఈ చేప పోర్చుగల్ తీరంలో పుట్టేది కాదు, ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్లలో బతికేది. ఎక్కడిదో చేప ఇంటి చేపైపోయింది, దాని పేరు ఇంటి మాటైపోయింది. మాట ఎక్కడ పుట్టిందో తేలితే దాని అసలు అర్థమూ, అసలు హక్కుదారూ తేలిపోతారని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంత బలహీనమో ఈ ఒక్క పేరు చాటుతుంది.

దీని పుట్టుక మీద వాదాలకు కొదవ లేదు. ఎండితే కర్రలా బిగుసుకుంటుంది కాబట్టి, కర్ర అనే అర్థమున్న లాటిన్ మాట 'బాకులుమ్' నుంచి వచ్చిందని ఒక వాదం. పాత కాలం నుంచీ ఆ చేప వేటలో పేరున్న బాస్కుల 'బకయిలావో' దీనికి మూలమని ఇంకొకటి. డచ్చివాళ్లు కాడ్‌ను 'కాబెల్యావ్' అంటారు. ఆ మాట లాటిన్ రూపం 12వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. క, బ స్థానాలు మారితే చాలు, అది బకల్యావుకు దగ్గరవుతుంది. తమిళ ఉరల్ మనకు రోలైనట్టే, ధ్వనులు తావులు మార్చుకోవడం భాషల్లో మామూలే. 1516లో చరిత్రకారుడు పీటర్ మార్టిర్ మాత్రం, కొత్త లోకపు (అమెరికా) స్థానికులే ఆ చేపను అలా పిలిచేవారని రాశాడు. చేప ఉత్తరాదిది గనుక పేరూ అటునుంచే వచ్చి ఉంటుందన్న వాదనే నాకు సబబుగా తోస్తుంది. అయినా పండితుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. కుదరనంత మాత్రాన ఆ మాట అర్థంలో లోటేమీ లేదు.

ఎందుకంటే ఆ అర్థాన్ని ఇచ్చింది ఉప్పూ, ఎండా, ఉపవాసాలూ. కాథలిక్కులు మాంసం ముట్టని రోజుల్లో, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు చెడకుండా చేరగలిగింది ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప. అందుకే పోర్చుగల్‌లో బకల్యావు అంటే మామూలుగా ఎండుచేపే. పచ్చిదైతే 'తాజా' అని చేర్చి చెప్పాలి. అక్కడ ఆ మాట చేప జాతి కంటే ముందు మనుషుల పనితనాన్ని గుర్తుచేస్తుంది. స్పానిష్‌లో 'బకలావో కోసేవాడు' అంటే పెత్తనం చేతిలో ఉన్నవాడని అర్థం.

అలాగైతే మూలాన్ని వెతకడం వృథాయేనా? కాదు. మాట నడిచిన దారిని, దాని వెనకున్న వర్తకాన్ని, వలసలను చూపించేది ఆ వెతుకులాటే. అది యాజమాన్య పత్రం మాత్రం కాదు. వాడుకే అర్థమైతే ఏ చేపనైనా బకల్యావని అమ్మేయొచ్చు కదా అన్నది మరో అభ్యంతరం. కానీ పోర్చుగల్ చట్టం ఆ పేరును గాడస్ ప్రజాతి చేపలకే పరిమితం చేసింది. వాడుక అంటే విచ్చలవిడితనం కాదనీ, వాడే సమాజమే హద్దులు గీసుకుంటుందనీ దీన్నిబట్టే తెలుస్తుంది.

పోర్చుగీసు 'మెస్త్రే' మన దగ్గర మేస్త్రి అయింది. ఇటుక మీద ఇటుక పేర్చే మేస్త్రిని ఎవరూ పరాయి మాటగా చూడరు. బకల్యావు విషయంలోనూ అంతే. న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి మంచునీళ్లలో చిన్న పడవకు ఒక్కడు చొప్పున గాలం వేసిన పోర్చుగీసు జాలరులు, దాన్ని ఎండబెట్టినవాళ్లు, పండగకు వండినవాళ్లు ఆ మాటకు అర్థం కూర్చారు. పుట్టించింది ఎవరైనా కావచ్చు, అది బతికించుకున్నవాళ్ల మాట.