చెవిలో ఇమిడే నిశ్శబ్దం

ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలను గూర్చి గత సంచికలో వ్రాసిన పిమ్మట, తదుపరి ఏ వస్తువును పరిశీలించమంటారో తెలుపవలసిందిగా పాఠకులను కోరాము. వచ్చిన లేఖలలో అధిక భాగం పరిసరాల రొదను తగ్గించే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ను గూర్చినవే. పరీక్షలకు చదువుకునే పిల్లల కొరకు కొందరు, షిఫ్టు బస్సులో పాటలు వినేందుకు కొందరు అడిగారు. ఒక లేఖ మాత్రం మమ్ము ఆలోచింపజేసింది. కంప్రెసర్ హౌస్‌లో ఇయర్ మఫ్‌కు బదులుగా ఇవి సరిపోతాయా అన్నది అందులోని ప్రశ్న. సరిపోవు అని ముందే చెప్పి, కారణాన్ని వివరించే క్రమంలోనే కొనుగోలు సంగతులూ చెబుతాము.

శబ్దమంటే గాలి ఒత్తిడిలో కలిగే హెచ్చుతగ్గులే. వచ్చే తరంగానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని అదే క్షణాన పుట్టించగలిగితే, రెండూ కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఈ భావనపై జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లూయెగ్‌కు 1936లోనే అమెరికా పేటెంటు లభించింది. అయితే నాటి వాల్వులతో అది ఆచరణకు రాలేదు. 1978లో ఒక విమాన ప్రయాణంలో ఇంజను రొద మధ్య సంగీతం సరిగా వినబడక, అమర్ బోస్ ఆ విమానంలోనే కాగితంపై లెక్కలు మొదలుపెట్టారు. కలకత్తా నుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన స్వాతంత్ర్య సమరయోధుని కుమారుడు ఆయన. ఆయన సంస్థ 1989లో పైలట్ల కొరకు హెడ్‌సెట్‌ను విపణిలోకి తెచ్చింది. నాడు రెండు చెవులనూ కప్పివేసిన ఆ సరంజామా నేడు చిక్కుడు గింజంత తొడుగులో ఇమిడిపోయింది.

బడ్ వెలుపలి మైక్రోఫోను రాబోయే శబ్దాన్ని, లోపలి మైక్రోఫోను చెవిలో మిగిలిన శబ్దాన్ని గ్రహిస్తాయి. లోపలి చిప్పు ఎదురు తరంగాన్ని లెక్కగట్టి స్పీకరుకు పంపుతుంది. ఈ పని నెమ్మదిగా ఊగే శబ్దాల విషయంలో సుసాధ్యం. మన ట్రాన్స్‌ఫార్మర్ల హోరునే తీసుకోండి. 50 హెర్ట్జ్ సరఫరాకు రెట్టింపుగా అది 100 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 3.4 మీటర్లు, అర్ధ ఆవర్తనానికి 5 మిల్లీసెకండ్ల వ్యవధి ఉన్నది. అదే 4000 హెర్ట్జ్ శబ్దమైతే తరంగదైర్ఘ్యం సుమారు 8.5 సెంటీమీటర్లు, వ్యవధి 0.125 మిల్లీసెకండు. అక్కడ లెక్కలో ఏ మాత్రం జాప్యం జరిగినా, తరంగాన్ని అణచవలసినది దానికే తోడవుతుంది. అందువల్లనే కూలరు, ఏసీ, బస్సు ఇంజను, రైలు పెట్టె అడుగు నుండి వచ్చే రొద ఆశ్చర్యకరంగా తగ్గుతాయి. కుక్కరు ఈల, ఆటో హారను, ప్రక్క గదిలోని సంభాషణ అంతగా తగ్గవు. బడ్ పెట్టుకున్నా ఇంట్లోవారి మాటలు వినబడుతున్నాయని కొందరు ఫిర్యాదు చేస్తారు. అది యంత్రలోపం కాదు.

పై స్థాయి శబ్దాలను ఆపగలిగినది చిప్పు కాదు, చెవి రంధ్రాన్ని మూసే మెత్తని టిప్పు. అందుచేత ఎంపికలో మేము ప్రథమ స్థానం దానికే ఇస్తాము. పెట్టెలో సాధారణంగా మూడు కొలతల సిలికాన్ టిప్పులు వస్తాయి. రెండు చెవులకూ ఒకే కొలత సరిపోవాలన్న నియమమేమీ లేదు. పెట్టుకుని, నోరు మూసి కూనిరాగం తీయండి. మీ గొంతు కుండలో నుండి వచ్చినట్లు గంభీరంగా వినబడితే చెవి బాగా మూసుకున్నట్లే. నమిలినట్లు దవడ ఆడించండి. అప్పుడు జారిపోయేది రైలులోనూ జారుతుంది. పిదప పాట ఏదీ పెట్టకుండా, నడుస్తున్న ఏసీ ప్రక్కన నిలబడి మీటను మార్చి మార్చి చూడండి. దుకాణంలో పరీక్షించనివ్వకపోతే, వాపసు గడువు ఇచ్చే చోటనే కొనడం మేలు. గాలి సందు మిగిలితే 20,000 రూపాయల బడ్ కూడా 2,000 రూపాయల దానితో సమానం. చెవి కారడం, నొప్పి ఉన్నవారు వైద్యుని సంప్రదించకుండా ఈ రకం బడ్స్ జోలికి పోరాదు.

పెట్టెపై ముద్రించే “50 డెసిబెల్ వరకు” అన్న మాటలో “వరకు” అన్న పదాన్ని గమనించండి. అది ఏదో ఒక పౌనఃపున్యం వద్ద లభించిన అత్యధిక విలువ మాత్రమే. అంతకంటె పెద్ద చిక్కు రెండు సంక్షేపాక్షరాలతో వస్తున్నది. ఏ.ఎన్.సి. అంటే మీ చెవికి చేరే రొదను తగ్గించేది. ఇ.ఎన్.సి. అంటే ఫోనులో మీ మాటతో పాటు అవతలివారికి వెళ్ళే రొదను తగ్గించేది. చవక బడ్స్‌పై ఇ.ఎన్.సి. అని పెద్ద అక్షరాలలో వ్రాసి ఉంటే, రెండవది మాత్రమే ఉన్నదని గ్రహించాలి.

తక్కినవి త్వరగా ముగిద్దాము. మన మోటార్ల నామఫలకంపై ఐ.పి. 55 చూసే కళ్ళకు ఐ.పి.ఎక్స్. 4 అర్థం కావడం కష్టం కాదు: నీటి తుంపరలకు 4, ధూళికి పరీక్ష లేదు. చెమటకు అది చాలును. సిమెంటు ధూళికి చాలదు. బ్యాటరీ గంటలను రొద తగ్గించే మీట వేసి ఉన్నప్పటి లెక్కతోనే పోల్చండి. ఆ చిన్న లిథియం ఘటం ఏటేటా క్షీణించేదే, చాలా బడ్స్‌లో మార్చే వీలూ లేదు.

ఇక అసలు ప్రయోజనం. రొదలో ఉన్నవారు పాటను రొదకంటె పైకి పెంచుతారు. రొద తగ్గితే పాటనూ తగ్గించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 90 వద్ద అది వారానికి 4 గంటలే. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్. చదువుకునే పిల్లలైతే పాట లేకుండా, కూలరు హోరు తగ్గించుకునేందుకు మాత్రమే వాడుకోవచ్చు.

కంప్రెసర్ హౌస్ లేఖకు ఇప్పుడు సమాధానం సులభం. అధిక శబ్దం వలన కలిగే వినికిడి లోపం ఆడియోగ్రామ్‌లో మొదట కనిపించేది సాధారణంగా 4000 హెర్ట్జ్ పరిసరాలలోనే. ఈ యంత్రం అతి బలహీనంగా ఉండేదీ అక్కడనే. గాలి వదిలే వాల్వు బుస, గ్రైండరు కీచు, సుత్తి దెబ్బ అన్నీ ఆ కోవలోనివే. భద్రతా విభాగం ఇచ్చే ఇయర్ మఫ్‌కు పరీక్షించి నిర్ణయించిన రక్షణ విలువ ఉంటుంది. దాని బ్యాటరీ షిఫ్టు నడుమ అయిపోదు. చెవిలో పాట సాగుతుండగా సైరను గాని, క్రేను గంట గాని, తోటివాని కేక గాని తప్పిపోతే పర్యవసానం ఊహించనవసరం లేదు. పైగా పేలుడు వాయువుల ప్రాంతాలలో మొబైల్ ఫోనును ఏ కారణంతో అనుమతించరో, ఈ బ్యాటరీ పరికరానికీ అదే కారణం వర్తిస్తుంది.

లేఖ వ్రాసిన మిత్రుడు వీటిని షిఫ్టు బస్సులో నిశ్చింతగా వాడుకోవచ్చు. గేటు వద్ద తీసి డబ్బాలో ఉంచి, లోపల ఇయర్ మఫ్ ధరించవలెను. తమ విభాగంలో ఎదురెదురుగా నిలబడి కూడా అరచి మాట్లాడవలసి వస్తున్నదని ఆయన వ్రాశారు. అట్టి చోట పనిచేసేవారందరూ ఈ ఏటి వైద్య పరీక్షలో ఆడియోగ్రామ్ అడిగి తీయించుకోవలసిందిగా కోరుతున్నాము.

వచ్చే సంచికలో: ఇంటి నీటి శుద్ధి యంత్రాలు.