కుండలీకరణములలో వార్ధక్యము

1998లో మాదాపురపు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్సు ప్రారంభమైనప్పుడు అది యువజనుల పట్టణమని అందఱును చెప్పుకొనిరి. నేడు హైటెక్ సిటీ, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల ఆకాశహర్మ్యముల క్రింద ప్రాతఃకాలమున నడచువారిని చూచినచో ఆ మాట సగమే నిజమని తోచును. కొడుకును కోడలును కార్యాలయమునకు వెడలిన పిదప పదునైదవ అంతస్తున మిగులువారు ముదుసలి తల్లిదండ్రులు. కొందఱి బిడ్డలు డల్లాసులోను న్యూజెర్సీలోను ఉన్నారు. తుంటియెముక విఱిగిన తండ్రికి, మతిమఱపు ముదిరిన తల్లికి రేయింబవళ్లు ప్రక్కనుండువారెవరు? ఏజన్సీ పంపిన అటెండరు. ఆమె యేమి నేర్చినది, ఎవరు నేర్పిరి అని అడుగువారు అరుదు.

మన దేశమున అఱువదియేండ్లు నిండినవారు 2011 జనాభా లెక్కలనాటికే 10 కోట్ల 38 లక్షలు. 2050 నాటికి ప్రతి యయిదుగురిలో నొకరు వృద్ధులగుదురని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో అంచనా వేసినది. తల్లిదండ్రుల పోషణ, సంరక్షణములకై 2007లో చేయబడిన చట్టము ప్రతి జిల్లా ఆసుపత్రియందును వృద్ధులకు ప్రత్యేక సౌకర్యముండవలెననియు, దానికి వృద్ధవైద్యమున అనుభవముగల వైద్యుడు అధిపతి కావలెననియు విధించినది. వైద్యుని తలచిన ఆ నిబంధన నర్సును తలపలేదు. మందు వ్రాయువాడు పడకయొద్ద అయిదు నిమిషములుండును. మందు మ్రింగించి, ప్రక్క మార్చి, వీపున పుండు పడకుండ కాచువారు దినమెల్ల నుండవలెను.

నర్సింగు చదువుచున్న బాలికలకు ముదుసలి రోగుల సేవయన్న ఇష్టము లేదని ఒక అపవాదు వినవచ్చుచున్నది. దీనిని కొంత విచారింపవలసియున్నది. వృద్ధులపట్ల మనుజుల వైఖరిని కొలుచుటకు అమెరికాలో నేథన్ కోగన్ అను మనశ్శాస్త్రవేత్త 1961లో 34 వాక్యములతో నొక కొలమానమును కూర్చెను. నాటినుండి పెక్కు దేశములలో నర్సింగు విద్యార్థుల మనస్సులను దానితో పరిశీలించిరి. తఱచుగా తేలినదేమన, వారికి పెద్దలయెడ గౌరవము లేకపోలేదు. కాని చదువు ముగిసినపిదప ఏ వార్డున పనిచేయుదురని అడిగినప్పుడు అత్యవసర చికిత్స, శస్త్రచికిత్సాగారము, పసిబిడ్డల వార్డు ముందు నిలుచును, ముదుసలుల వార్డు చిట్టచివర నుండును. మేము మాటలాడిన మన బాలికలును ఇట్లే చెప్పిరి. వారిలో పెక్కండ్రు పల్లెలనుండి వచ్చినవారు, నాయనమ్మ ఒడిలో పెరిగినవారు. నాయనమ్మను ప్రేమించు పిల్ల నాయనమ్మవంటి రోగిని ఏల తప్పించుకొనజూచును?

మొదటి కారణము పాఠ్యక్రమముననే కలదు. శిశువుల పరిచర్య యొక విషయము, ప్రసూతి యొక విషయము, మానసిక రోగుల పరిచర్య యొక విషయము. వార్ధక్యమో, భారత నర్సింగు మండలివారి పూర్వపు బి.ఎస్సి. పాఠ్యక్రమమున వయోజనుల వైద్య శస్త్ర పరిచర్య అను శీర్షికలో, ‘వృద్ధులతో సహా’ అని కుండలీకరణములలో నుండెను. 2021లో పాఠ్యక్రమమును సంస్కరించినపుడు కుండలీకరణములు పోయినవి, ‘సహా’ మాత్రము మిగిలినది. తోకగా చెప్పిన పాఠమును తోకగానే చదువుదురు. పట్టా పిదప ఏడాది డిప్లమా కలదుగదా యందురు. అది చదివి వచ్చినదానికై ఏ ఆసుపత్రిలో ఏ పదవి కాచుకొనియున్నది?

రెండవ కారణము వార్డు. విద్యార్థిని వార్ధక్యమును మొదట చూచునది మూత్రనాళికతోను, ఒత్తిడి పుండుతోను, అర్ధరాత్రపు కలవరింతతోను. ప్రసూతి వార్డున రాత్రియంతయు పడిన శ్రమ బిడ్డ యేడ్పుతో తీరును. ఇచ్చట కోలుకొని యింటికి పోయిన తాత మరల నడచుటను ఆమె యెన్నడును చూడదు. మఱియు స్నానము చేయించుట, తినిపించుట, మలమూత్రములెత్తుట ఆయాల పనియని ఆమెకు మొదటి వారముననే ఎవరును చెప్పకయే తెలియును. ఆ పనులను తక్కువ కులములకు తోసివేసిన సమాజమే ఆసుపత్రికిని వచ్చినది. తెల్లని యుడుపు తొడిగినంతనే ఆ మైల భావము పోదు. ఆ పనియందే సగము వైద్యమున్నదని చూపవలసిన సీనియరు నర్సుకు పడకల లెక్కతోనే ఊపిరి యాడదు.

మూడవది జీతము. సర్వోన్నత న్యాయస్థానము 2016లో ఇచ్చిన యుత్తర్వుననుసరించి ఏర్పడిన సంఘము, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రులలో సైతము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసెను. అది ఆసుపత్రుల మాట. ఇండ్లలో వృద్ధులను కనిపెట్టు నర్సు సంగతి అందు లేదు.

ఇక నీ చిత్రము చూడుడు. ముదుసలుల సేవకు ఒల్లరనబడిన ఈ బాలికలలోనే కొందఱు జపాను, జర్మను భాషలు నేర్చుకొనుచున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థయగు టాంకామ్ వారిని ఆ దేశములకు పంపుటకు శిక్షణ నిప్పించుచున్నది. వారచ్చట చేయు పనిలో ముఖ్యభాగము ముదుసలుల పరిచర్యయే! జపాను 1987లో చట్టము చేసి ఆ పనివారికి ప్రభుత్వ పట్టాను ఏర్పఱచినది. 2000 నుండి దీర్ఘకాల పరిచర్యకు బీమా నడపుచున్నది. జర్మనీలో అట్టి బీమా 1995 నుండి కలదు. అచ్చట ఆ పనికి పేరును, అంతస్తును, జీతమును ఉన్నవి. మన కొడుకులు అమెరికాలోను, మన కూతుళ్లు జపానులోను ఉండగా, కొండాపురపు తండ్రికి శిక్షణలేని అటెండరు దక్కుచున్నది. వెళ్లువారిని మేము తప్పుపట్టము. వారి మనస్సున లోపమున్నదన్న వాదమును మాత్రము ఇంతటితో కట్టిపెట్టుట మంచిది.

వృద్ధుల పరిచర్యను ప్రత్యేక విషయముగ చేసి పరీక్ష పెట్టవలయును. అంతకంటె ముఖ్యము, విద్యార్థులు వార్డునకు పోవుటకు ముందే ఆరోగ్యవంతులగు వృద్ధుల నడుమ కొన్ని వారములు గడపవలయును. వారి రక్తపుపోటు కొలిచి, మందుల సంచి విప్పించి చూచి, జాఱిపడు స్నానపుగది నేలను గమనించి, వారి కథలు వినవలయును. ఇందులకు ఐ.టి. ప్రాంతపు నివాస సంఘములకంటె అనువగు చోటేది? లిఫ్టులోనికి కూరగాయలవానిని రానీయని సంఘములు నర్సింగు విద్యార్థులనైన రానిత్తురని యాశించుచున్నాము. వ్యయమునకును దారి కలదు. 2013 కంపెనీల చట్టము ప్రకారము తగిన యాదాయముగల కంపెనీలు లాభములో నూటికి రెండు వంతులు సమాజకార్యములకు వెచ్చింపవలెను. వృద్ధుల దినసంరక్షణ కేంద్రములును ఆ కార్యములలో చేరియున్నవి. సైబర్ టవర్సు చుట్టును అట్టి కంపెనీలకు కొఱత లేదు. వారి యుద్యోగుల తల్లిదండ్రులే ఆ కేంద్రములకు మొదట వత్తురు. అచ్చట శిక్షణకు వచ్చు విద్యార్థులకు భత్యమిచ్చి, పట్టా పొందినపిదప ఆసుపత్రి నర్సుకు తీసిపోని జీతముతో కొందఱినైన నియమింపుడని ఆ కంపెనీలను, ఆ పదవికి పేరును హోదాను కల్పింపుడని ప్రభుత్వమును కోరుచున్నాము. వచ్చు విద్యాసంవత్సరమునకు ఒక్క కేంద్రము తెఱచినను చాలును.