గర్భసంచి తీశాక గుండె మాటేమిటి?

నెల్లూరు మెట్టన, ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో, నలభై దాటిన స్త్రీ ఆయాసంగా ఉందంటే నీరసమని సరిపెడతాం. గుండెజబ్బు మగవాళ్లదనే నమ్మకం మనలో ఇంకా పోలేదు.

రక్తనాళం లోపలి పొర దెబ్బతిన్నచోట కొవ్వు పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దానికి కాల్షియం తోడై నాళం బిరుసెక్కుతుంది, దారి ఇరుకవుతుంది. పేరుకున్నది పగిలి అక్కడ రక్తం గడ్డకడితే గుండెపోటో పక్షవాతమో వస్తుంది. రక్తపోటు, షుగరు, పొగాకు, కట్టెల పొయ్యి పొగ దీన్ని తొందరపెడతాయి.

మనం మాట్లాడుకోని కారణం మరొకటుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ ముట్లుడిగేదాకా రక్తనాళాలకు కొంత కాపుదల. 45 ఏళ్లలోపే రెండు అండాశయాలూ తీసేస్తే ఆ కాపుదల ముందే పోతుంది. గర్భసంచి ఒక్కటే తీసినా కొందరికి అండాశయాల పని త్వరగా ఆగిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతమైతే మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం.

అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. తెల్లబట్టకూ నడుంనొప్పికీ వేరే వైద్యం ఉందని చెప్పకుండా వేయించుకున్న వేలిముద్ర సమ్మతి కాదు. అండాశయాలు ఉంచారో తీశారో కాగితం మీద రాసివ్వాలి. గుండెపోటు వచ్చాక ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు నెల్లూరుకు పరుగెత్తడం కాదు. ఆపరేషనైన ప్రతి స్త్రీకీ బి.పి., షుగరు పరీక్షలు ఊళ్లోనే క్రమంగా జరగాలి. గర్భసంచి తీసేసినంత మాత్రాన ఆమె పట్ల వైద్యం బాధ్యత తీరిపోదు.