"నీకేం తక్కువ చేశాం?" అని అడగకండి

హైదరాబాద్‌లో కొండాపూర్‌లోనో కోకాపేటలోనో పదో తరగతి పిల్ల బడికి వెళ్లనని మంచం దిగకపోతే ఇంట్లో ముందు వినబడే మాట ఇదే: "నీకేం తక్కువ చేశాం?" ఏసీ గది ఉంది, ఇంటర్నేషనల్ స్కూలు ఉంది, ఇంక దిగులెందుకు? అందరూ ఒప్పుకునే జవాబూ సిద్ధంగా ఉంటుంది: ఫోను. ఆ ప్రశ్నా తప్పే, ఈ జవాబూ తప్పే.

ఉబ్బసంతో ఎగపోస్తున్న పిల్లవాణ్ని "నీకు గాలేం తక్కువైంది" అని ఎవరమూ అడగం. డిప్రెషన్, ఆందోళన కూడా జబ్బులే. ఇంటి వారసత్వం, పిల్లల స్వభావం, చెడిన నిద్ర, బడిలో ఏడిపింపులు కలిసి తెస్తాయి వాటిని. డబ్బు అడ్డుపడదు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్లవారిలో మానసిక రుగ్మతలు పల్లెల్లో 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. అంతమాత్రాన మాదాపూర్ పిల్లలకు మినహాయింపు దొరికిందనుకోలేం.

పిల్లల దిగులు కన్నీళ్లుగానే బయటపడదు. చిరాకుగా, ఎదురుమాటగా, సోమవారం పొద్దుటి కడుపునొప్పిగా వస్తుంది. స్కానింగులో ఏమీ లేదంటే "నాటకాలు" అని తేల్చేస్తాం. అర్ధరాత్రి ఫోను పట్టుకున్న పిల్ల నిద్రపట్టకే పట్టుకుందేమోనని ఆలోచించం. ఫోను నిద్ర చెడగొడుతుంది, కాదనను. కానీ అది లాక్కున్నంత మాత్రాన జబ్బు పోదు. మాట్లాడే ఒక్క స్నేహితురాలూ దూరమవుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఇక్కడి ఐటీ ఉద్యోగులు "బర్నవుట్ అయ్యాను" అని ఆఫీసులో చెప్పుకోగలుగుతున్నారు. మంచిదే. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ మోస్తున్న కొడుకు అదే మాటంటే "ఈ వయసులో నీకు టెన్షనేంట్రా" అంటారు. కూతురైతే ఇంకో భయం: రేపు సంబంధాలవాళ్లకు తెలిస్తే? మానసిక రుగ్మతల్లో మూడోవంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరువు కోసం దాచే ఏళ్లు చికిత్సకు దక్కాల్సిన ఏళ్లు.

బడులకూ ఇందులో బాధ్యత ఉంది. విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. మార్కులనుబట్టి బ్యాచీలు విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలి. లక్షల ఫీజు కడుతూ ర్యాంకుల బోర్డు చూసే తల్లిదండ్రులు ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో కూడా అడగాలి.

నిద్ర, తిండి, ఆటలు రెండు వారాలకు మించి తప్పితే పిల్లల్ని మనోవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్ల నోట చావు మాట వస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే వెళ్లండి.