మారటోరియం అంటే మాఫీ కాదు

అప్పుతో చదువుకుని మొదటి ఉద్యోగంలో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, వాళ్ల అమ్మానాన్నలకూ విన్నపం.

పట్టా చేతికొచ్చింది. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో హాస్టల్ దొరికింది. జీతం పడిందని ఫోనుకి మెసేజ్ కూడా వచ్చింది. బ్యాంకు మాత్రం ఇంకా నోరు విప్పలేదు. చదువయ్యాక మరో ఏడాది దాకా ఈఎంఐ కట్టనక్కర్లేదని లోను కాగితంలోనే ఉందాయె! అందుకే చాలామంది ఈ మారటోరియం ఏడాదిని సెలవు కింద లెక్కేసుకుంటారు. వడ్డీకి మాత్రం సెలవుండదు.

లెక్క చూడండి. నాలుగేళ్ల ఇంజనీరింగుకి ఏటా మొదట్లో 1,25,000 చొప్పున 5,00,000 రూపాయల అప్పు, 10 శాతం వడ్డీ అనుకుందాం. చదువు ముగిసేసరికి బారువడ్డీయే 1,25,000 అవుతుంది. మారటోరియం ఏడాదికి ఇంకో 50,000. ఇవన్నీ అసలులో కలిసి 6,75,000 మీద ఈఎంఐ మొదలవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 11,200. ఈ ఏడాది వడ్డీని నెలకు 4,200 చొప్పున ఇప్పుడే కట్టేస్తే ఈఎంఐ 10,400కి దిగుతుంది. కట్టకుండా వదిలేస్తే ఆ 50,000కి ఏడేళ్లలో దాదాపు 70,000 కడతాం.

కాబట్టి మేం చెప్పేది ఒక్కటే: ఈఎంఐ ఇప్పటికే మొదలైందనుకుని బతకండి.

ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 3,60,000 అని ఉన్నా నెలకు 30,000 చేతికి రాదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను చాలాచోట్ల అందులోనే కలిపేస్తారు. మన పీఎఫ్, వృత్తిపన్ను కూడా కోసేస్తారు. చేతికి 25,000 వస్తుందనుకుని ఇలా రాసి చూడండి:

హాస్టల్, తిండి: 8,500
ప్రయాణం: 1,800
ఫోను, సబ్బులు, మందులు: 1,500
బట్టలు, సరదాలు: 2,000
లోను వడ్డీ: 4,200
ఆపద సొమ్ము: 4,000
ఇంటికి: 3,000

చివరి మూడు పద్దులూ కలిపితే 11,200. ఏడాది పాటు ఆ డబ్బు లేకుండా గడపడం అలవాటైతే, అసలు ఈఎంఐ వచ్చిన నెల గుండె జారదు. ఈలోగా ఆపద సొమ్ము 48,000 అవుతుంది. ఉద్యోగం పోయినా, ఈఎంఐ కాక మిగతా ఖర్చులు మూడు నెలలు గడుస్తాయి.

‘ఇన్నాళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టాం, ఒక్క ఏడాదైనా అనుభవించొద్దా?’ అంటారు. అనుభవించండి, ఆ 2,000 అందుకే రాశాం. అది దాటి క్రెడిట్ కార్డు గీకితేనే చిక్కు. కార్డు బాకీ మీద నెలకు 3 శాతం పైన వడ్డీ లాగే బ్యాంకులు చాలా ఉన్నాయి. దాని ముందు చదువు లోను ఎంతో నయం.

జీతం ఇంతకన్నా తక్కువైతే వడ్డీలో సగమైనా కట్టండి. ఉద్యోగమే దొరక్కపోతే గడువు దాటకముందే బ్యాంకుకి వెళ్లి పరిస్థితి చెప్పండి, మొహం చాటేయకండి. లోను కాగితం మీద నాన్న సంతకం కూడా ఉంది. మీరు తప్పిన ఈఎంఐ ఆయన సిబిల్ స్కోరునూ దెబ్బతీస్తుంది. రేపు ఆయన ఇంటికోసం అప్పు అడిగితే అదే అడ్డొస్తుంది.

అమ్మానాన్నలారా, పిల్లలు బెంగపడతారని లోను కాగితాలు బీరువాలో దాచకండి. ముందు పెట్టుకుని కూర్చోండి.

కాలేజీల యాజమాన్యాలారా, ఇంటర్వ్యూకి టై కట్టుకోవడం నేర్పుతున్నారు. ఆఖరి సెమిస్టరులో ఒక్క పూట జీతం లెక్క రాయడం కూడా నేర్పండి.

బ్యాంకు అధికారులారా, చదువు ముగిసిన నెలలోనే ప్రతి విద్యార్థికీ తెలుగులో ఒక్క పేజీ చీటీ ఇవ్వండి. ఇప్పటిదాకా చేరిన వడ్డీ ఎంత, ఈఎంఐ ఏ తేదీన మొదలు, నెలకెంత అన్నవి అందులో ఉంటే చాలు.

తమ్ముడూ, చెల్లీ! ఈ నెల జీతం పడిన రోజే, ఇంకే ఖర్చూ మొదలెట్టకముందే, ఆ నెల వడ్డీ లోను ఖాతాకి పంపండి. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. మీ లెక్క అక్కడ రాసుకోండి.

— మీలాగే అప్పుతో చదువుకున్న కొందరు