మూడువందల యెన్‌ల మరమనిషి

పాత వస్తువునకు వెల కట్టుట వేరు, విలువ కట్టుట వేరు. వెలను అంగడి నిర్ణయించును. విలువను ఆ వస్తువు మనుష్యులచే చేయించిన పని నిర్ణయించును. ఆటవస్తువుల విషయమున ఈ భేదము మరింత స్పష్టముగా గోచరించును. ఆడుకొనుటకై పుట్టినదానిని ముట్టకుండ దాచినవానికే నేడు అధికమైన వెల లభించుచున్నది. 1980 జూలైలో జపాను దేశమున బందాయ్ సంస్థ వెలువరించిన ‘గన్‌డమ్’ ప్లాస్టిక్ నమూనా కిట్ ఇందుకు చక్కని నిదర్శనము.

గన్‌డమ్ అనునది మనుష్యుడు లోపల కూర్చుండి నడుపు యుద్ధయంత్రము. రూపమునుబట్టి దానిని మరమనిషి యందురు. యోషియుకి టోమినో దర్శకత్వమున ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అను బొమ్మల కథ 1979 ఏప్రిల్ 7 మొదలు 1980 జనవరి 26 వరకు జపాను టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. తగిన ఆదరణ లభింపనందున 52 భాగములుగా తలపెట్టిన కథ 43 భాగములతోనే ముగిసెను. పునఃప్రసారములవలన గాని దానికి గొప్ప కీర్తి రాలేదు. కిట్ వెలువడునాటికి తొలి ప్రసారము ముగిసి సుమారు ఆరు మాసములైనది. కథలో 18 మీటర్ల ఎత్తుగల యంత్రమును 144వ వంతునకు కుదింపగా పండ్రెండున్నర సెంటీమీటర్ల బొమ్మ అయినది. దాని వెల 300 యెన్‌లు. బాలుర చేతిఖర్చునకు అందుబాటులో నున్న వెల.

ఈ కిట్టును నేటి కొలతలతో పరీక్షించినచో లోపములు అనేకములు కనబడును. తెరమీది గన్‌డమ్‌నకు ఱొమ్ము నీలము, పాదములు ఎఱుపు, నుదుటి కొమ్ములు పసుపు. పెట్టెలోని భాగములు మాత్రము అన్నియు తెలుపే. రంగులు కొన్నవాడే వేసికొనవలెను. కాళ్లు చేతులు రెండేసి చిప్పలుగా వచ్చును. వానిని జిగురుతో అతికిన చోట గీత మిగులును. కీళ్ల కదలిక మిక్కిలి పరిమితము. తెరమీద పరుగెత్తి, మోకరిల్లి, ఖడ్గమెత్తిన వీరుడు బల్లమీద కొయ్యవలె నిలుచును. ఈ లోపములను కప్పిపుచ్చి, పాతదగుటచేతనే గొప్పదని పొగడుట విమర్శ కాదు.

అయినను విమర్శ ఇంతటితో ముగియరాదు. ఆ లోపములు కొన్నవారిచే ఏమి చేయించెనో చూడవలెను. ఈ పాలిస్టైరీన్ జిగురు కాగితమునకు పూయు బంకవంటిది కాదు. అది రెండు అంచులను కొంత కరగించి ఒకటిగా కలుపును. ఎక్కువ పూసినచో రూపు చెడును, తక్కువ పూసినచో అతుకు నిలువదు. ఆరువరకు ఓర్పు పట్టవలెను. పిదప గరుకు కాగితముతో గీతను అరగదీయవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. కీలు ముక్కను రెండు చిప్పల నడుమ ముందే ఇరికింపవలెను. అతికిన తరువాత రంగు వేయబోయిన కుంచె లోపలికి పోదు. ముందే రంగు వేసిన, గీతను అరగదీయునప్పుడు రంగు పోవును. ఈ చిక్కును విప్పుటకై నేర్పరులు కీలును కొంత కోసి, రంగు వేసిన పిమ్మట చొప్పించు ఉపాయమును కనుగొనిరి. మోకాళ్లను మార్చిరి, కాళ్లను పొడిగించిరి. హాబీ జపాన్ పత్రిక 1981లో గన్‌డమ్ నమూనాల నిర్మాణముపై ప్రత్యేక సంచికనే ప్రకటించెను. కిట్టు చేయలేని పనిని కొన్నవారు చేసిరి. ఏది ముందు, ఏది వెనుక అని ఆలోచించి పనికి పూనుకొనుట అను విద్యను 300 యెన్‌ల పెట్టె నేర్పెను.

ఈ విద్య అందరికి అబ్బినదని చెప్పుట అసత్యమగును. జిగురు మరకలతో, ఒకదానిలోనొకటి కలిసిపోయిన రంగులతో పాడైన బొమ్మలును ఉండెను. 1990లో వచ్చిన ‘హై గ్రేడ్’ కిట్టు నాలుగు రంగుల ప్లాస్టిక్‌తో, జిగురు లేకయే బిగియు భాగములతో, చిన్న చేతులకును చక్కని బొమ్మను అందించెను. అది నిజమైన పురోగతి.

ఇక వెల మాట. పాత అచ్చులతోనే ఈ కిట్టును మరల మరల పోసి అమ్మిరి. కావున రూపము పాతదైనంతమాత్రమున పెట్టె పాతది కాదు. బందాయ్ తన అనుబంధ నమూనాల సంస్థను 1983లో విలీనము చేసికొనెను. అందుచే పెట్టెమీది సంస్థ పేరును, ముద్రను, సూచనల పత్రమును పరీక్షించి కాలమును నిర్ణయింపవలెను. తెరువని పెట్టె లోపలను కాలము తన పని తాను చేయుచుండును. జిగురు ఎండును, వెలుతురు సోకిన తెలుపు పసుపువారును. సేకరణకర్త దాచునది చరిత్రకు సాక్ష్యము. ఆ సేవ తక్కువది కాదు. కాని ఆ సాక్ష్యము చెప్పునది సగము కథయే. తక్కిన సగము, బాలుని చేతిలో వంకరగా అతుకుకొన్న బొమ్మ చెప్పును. దానికి అంగడిలో వెల లేదు.

2020లో బందాయ్ ఈ తొలి కిట్టు రూపమునే మరల తెచ్చెను. కాని ఈసారి భాగములు రంగులతోనే వచ్చినవి, జిగురు అక్కరలేకపోయెను. పాత రూపము దక్కెను. పాత శ్రమ మాత్రము తొలగిపోయెను. ఆ తొలి కిట్టు యొక్క విలువ రూపములో నున్నదా, శ్రమలో నున్నదా అను ప్రశ్నకు ఈ రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి సమాధానము దొరకును. బొమ్మగా రెండవది మేలు. గురువుగా మొదటిదే మేలు. విద్యార్థి చేతికి ఏ పనిముట్టు నీయవలెనో నిర్ణయించు ఉపాధ్యాయుడు, అది ఎంత పూర్తిగా నున్నదో చూచి ఊరకుండరాదు. విద్యార్థి చేయుటకై ఎంత మిగిల్చినదో కూడ చూడవలెను.